ఒక్క నొక్కుకి మూడు కాఫీలు

నేను చేసిన కాఫీ మెషిను అందరి దగ్గరా బ్రహ్మాండంగా పనిచేసింది, ఒక్క చెంగమ్మక్క దగ్గర తప్ప. నేను దాన్ని చేసింది చెంగమ్మక్క కోసమే. అదీ నా బాధ.

నేను బటన్ నొక్కితే ఒక కాఫీ వచ్చేది. మా మాస్టారు నొక్కితే ఒక కాఫీ. పక్కకొట్టు సైకిలు మెకానిక్కు సుబ్బరాయుడు గ్రీజు వేలితో నొక్కినా ఒకటే కాఫీ, పైన నురగతో సహా. చెంగమ్మక్క నొక్కితే మాత్రం మూడొచ్చేవి. ఒక గ్లాసులో మూడు కాఫీలు ఎట్టా పడతాయి? నిండి, పొంగి, బల్ల మీదుగా కారి నేల మీద పడేవి.

ముందు ఆమె ఎవరో చెప్పాలి. కావలి బస్టాండు గేటు పక్కన ఇరవై ఏడేళ్లుగా ఒకే తోపుడు బండి, ఒకే ఇత్తడి ఫిల్టరు. ఆ బండి మీద కాఫీ తప్ప ఇంకేం దొరకదు. టీ అడిగితే "ఎదురు బండికి పో నాయనా" అనేది, కోపం లేకుండానే. పెద్దా చిన్నా అందరికీ ఆమె అక్కే. అరవై దాటిన డ్రైవర్లు కూడా అక్కా అనే పిలిచేవాళ్లు.

ఎవరికి ఎట్టాంటి కాఫీ కావాలో ఆమె అడిగేది కాదు. మనిషిని చూసి పోసేది. హైదరాబాదు బస్సు దిగినవాడికి డికాషన్ ఎక్కువ. కోర్టు పనిమీద వచ్చినవాడికి పాలు ఎక్కువ. ఏడుస్తున్న పిల్లని ఎత్తుకొచ్చిన తల్లికి గ్లాసు నిండా. ఒక్కరంటే ఒక్కరు మార్చమని అడగడం నేను చూళ్లేదు.

రెండేళ్ల కిందట ఆమె చేతులు వణకడం మొదలైంది. డాక్టరు మాత్రలిచ్చాడు. తగ్గుతుందమ్మా, పూర్తిగా పోదు అన్నాడు. ఒకరోజు ఉదయగిరి బస్సు కండక్టరు తిరుపాలుకి గ్లాసు అందిస్తుంటే మరిగే పాలు అతని మణికట్టు మీద ఒలికాయి. "ఏం కాదులే అక్కా" అని అతను నవ్వాడు గానీ, చర్మం ఊడొచ్చింది. అక్క మూడు రోజులు బండి తియ్యలేదు.

నాలుగో రోజు మా మాస్టారి కొట్టుకి వచ్చి నిలబడింది.

"అన్నా, ఇంకొక్కసారి ఎవురి మీదైనా చుక్క పడిందా, బండి ఎత్తేస్తా. పొయ్యి మీద ఒట్టు."

ఆమె ఒట్టంటే మాటలు కాదు. ఎప్పుడో ఆడపడుచుతో పంతానికి పోయి, పదకొండేళ్లుగా ఆవకాయ ముట్టని మనిషి.

బండి ఎత్తేస్తే ఆమెకి తిండికి లోటు లేదు. కూతురు ఒంగోల్లో ఉంది, వచ్చి ఉండమ్మా అని పోరుతూనే ఉంది. కానీ రోజుకి రెండొందల మంది నోట అక్కా అనిపించుకునే మనిషి, ఒంగోల్లో మూడో అంతస్తులో ఒక గదిలో కూర్చుని ఎవరితో మాట్లాడుతుంది?

ఆమె వెళ్లాక మాస్టారు నా వైపు తిరిగారు.

"పెంచలా, చెంగమ్మకి ఒక మెషిను చేసి పెడతావా?"

ఎగిరి గంతేశాను.

మా మాస్టారి పేరు ఖాసింవలీ. వలీ మాస్టారంటే కావలిలో అందరికీ తెలుసు. బస్టాండు వెనక సందులో రేడియోలు బాగుచేసే కొట్టు. రేడియోలు పోయాక టీవీలు చేశారు. టీవీలు కూడా పోయాక, యాభై ఎనిమిదేళ్ల వయసులో కళ్లజోడు మార్చుకుని బోర్డులు నేర్చుకున్నారు. బోర్డంటే అగ్గిపెట్టెంత కంప్యూటరు. దానికి మనం రాసిచ్చిన పని తప్ప వేరే ఏమీ తెలీదు. మోటారు తిప్పమంటే తిప్పుతుంది, ఆపమంటే ఆపుతుంది. ఆ విద్య మాలాంటి నలుగురైదుగురికి ఆయన నేర్పేవారు. నేర్పడం అంటే మాట్లాడ్డం కాదు. మాస్టారు నోరు తెరిచేది చెంగమ్మక్క కాఫీ తాగడానికే అని మేం వెనకాల నవ్వుకునేవాళ్లం.

చేరిన ప్రతివాడికీ మొదటి పాఠం ఒకటే. ఒక పాత బోర్డు, ఒక బటన్, ఎర్రంకెలు చూపించే ఒక చిన్న డబ్బా. పిల్లల ఆటలా ఉంటుంది. దాన్ని నేను ఒక్క పూటలో దాటేసి, ఇంకా పెద్దవి ఏమున్నాయి మాస్టారూ అని అడిగినవాణ్ణి. అంత మొనగాణ్ణి నేను.

మెషినుకి నలభై రోజులు పట్టింది. పాలకి ఒక స్టీలు డబ్బా, అడుగున హీటరు. వేడెంతో చెప్పడానికి ఒక సెన్సారు. డికాషన్‌కి ఒక చిన్న పంపు, పాలకి ఒకటి, పంచదార నీళ్లకి ఒకటి. ఏ పంపు ఎన్ని సెకన్లు తిరగాలో బోర్డులో రాశాను. పాలు ఎక్కువ కాగితే మీగడ కట్టి గొట్టం మూసుకుపోయేది. ఏడుసార్లు ఊడదీశాను, ఏడుసార్లు బిగించాను. మా అమ్మ అన్నానికి పిలిస్తే వినపడేది కాదు.

అంతా అయ్యాక ముందువైపు రేకు మీద ఎర్ర రంగుతో 'పెంచల్ ఆటోమేటిక్ కాఫీ' అని రాశాను. మాస్టారు కళ్లజోడు సర్దుకుని చదివారు.

"కాఫీ అనే మాట కొంచెం చిన్నదైంది" అన్నారు. నేను అది మెచ్చుకోలే అనుకున్నాను, అప్పట్లో.

సోమవారం పొద్దున పదిగంటలకి చెంగమ్మక్కని పిలిపించాం. ఆమె మెషిను చుట్టూ రెండుసార్లు తిరిగింది. గుడిలో కొత్త విగ్రహాన్ని చూసినట్టు చూసింది. "అబ్బో! ఇదంతా నువ్వే చేశావా నాయనా?" అంది. నేను అవుననలేదు, కాదనలేదు. కాలరు మాత్రం సర్దుకున్నాను.

"నొక్కక్కా."

ఆమె వేలు బటన్ మీద ఆనింది. ఆనిన వేలు అక్కడే టకటకమని వణికింది. ఒక కాఫీ పడింది. దాని మీద ఇంకొకటి. దాని మీద మూడోది. వేడి పాలు బల్ల అంచు దాటి కారాయి. సుబ్బరాయుడు ఎగిరి వెనక్కి దూకాడు.

"ఎవురి మీదా పడలేదు గదా?" ఆమె అడిగిన మొదటి మాట అది. మొహం పాలిపోయింది.

"ఎవరి మీదా పడలేదు. ఒక్కసారే నొక్కక్కా."

"ఒక్కసారే నొక్కా నాయనా."

మళ్లీ నొక్కించాను. మళ్లీ మూడు. మూడోసారి కూడా అంతే. మాస్టారు, సుబ్బరాయుడు, రోడ్డు మీద పోయేవాళ్లు ఇద్దరు ముగ్గురు, అందరూ చూస్తున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. నలభై రోజుల కష్టం, నురగ కింద మునిగిపోతోంది.

"చెయ్యి కాస్త బిగబట్టుకోవచ్చు గదక్కా!" అని అరిచాను. "మెషినులో తప్పేం లేదు. నీ చెయ్యే..."

మిగతా మాట మింగాను గానీ, అప్పటికే ఆలస్యమైంది. చెంగమ్మక్క ఆ చేతిని పమిట కొంగులోకి లాక్కుని దాచుకుంది. దొంగతనం చేసి దొరికినట్టు.

"అవును నాయనా. మెషిను మంచిదే" అంది.

సుబ్బరాయుడు నేల చూపులు చూశాడు. మాస్టారు గుడ్డ తెచ్చి బల్ల తుడిచారు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

సరే, బటన్ వల్లే గదా తంటా అనుకున్నాను. రెండు రోజుల్లో బటన్ పీకేసి, దాని చోట ఒక కన్ను పెట్టాను. గ్లాసు పెడితే ఆ కన్ను కనిపెడుతుంది, కాఫీ పడుతుంది. వచ్చినవాళ్లు వాళ్ల గ్లాసు వాళ్లే పెట్టుకుంటారు, వాళ్లే తీసుకుంటారు. మనిషితో పని లేదు. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

బుధవారం అక్కని మళ్లీ పిలిపించాం. ఈసారి ఆమె మెషినుకి నాలుగడుగుల దూరంలోనే నిలబడింది, చెయ్యి కొంగులోనే ఉంది.

"చూడక్కా" అని గ్లాసు పెట్టాను. ఒక కాఫీ. ఇంకో గ్లాసు పెట్టాను. ఇంకో కాఫీ. "ఇక నువ్వు దీన్ని ముట్టుకోనే అక్కర్లేదు."

"ఎవురికి ఎంత డికాషనో దీనికి ఎట్టా తెలుస్తది?"

"అందరికీ ఒకటే కొలత అక్కా. సరైన కొలత. పది రకాలు చేసి చూసి పెట్టాను."

ఆమె తలూపింది. మళ్లీ అడిగింది.

"మరి నేనేం చెయ్యాల?"

"ఏం చెయ్యొద్దు. హాయిగా కుర్చీ వేసుకుని పక్కన కూర్చో."

చెంగమ్మక్క మెషిను వంక చూసింది.

"ఆ కుర్చీ మా అమ్మాయి ఇంట్లో కూడా ఉండాది నాయనా" అంది.

తర్వాత మాస్టారి వైపు తిరిగి, "అమ్మాయికి కబురు పెట్టానన్నా. ఆదివారం వస్తుంది. ఆ పూట దాకా ఎప్పట్లాగే కొట్టుకి కాఫీ తెచ్చిస్తా" అంది. ఖాళీ గ్లాసులు బుట్టలో వేసుకుని వెళ్లిపోయింది. గ్లాసులు ఒకదానికొకటి తగులుతూ చప్పుడు చేస్తుంటే సందు చివరిదాకా వినపడింది.

నాకు ఒళ్లు మండిపోయింది. నిజం చెప్పాలంటే, ఏడుపు కూడా వచ్చింది. కానీ ఏడవడం చేతగాక మండిపడ్డాను.

"చూశారా మాస్టారూ! నలభై రెండు రోజులు! బటన్ పెడితే వద్దు, తీస్తే వద్దు. మీరే చెప్పండి, నా మెషినులో తప్పేంటి?"

మాస్టారు నేను పోసిన రెండు కాఫీల్లో ఒకటి తీసుకుని ఒక గుక్క తాగారు. గ్లాసు కింద పెట్టారు.

"రేపు తొమ్మిదింటికి రా. కొత్తగా ఒకళ్లు చేరుతున్నారు. మొదటి పాఠం నువ్వు చెప్పాల."

నా కోపం ఎటు పోయిందో! మాస్టారు ఆ పాఠం ఇంతవరకూ ఎవరి చేతా చెప్పించలేదు. నా కన్నా ముందు చేరినవాళ్లు ఉన్నారు, వాళ్ల చేత కూడా. అంటే ఆయన దృష్టిలో నేను గురువునైపోయానన్నమాట. ఇంటికి పోయి చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాను.

పొద్దున్నే వెళ్లేసరికి బల్ల ముందు స్టూలు మీద చెంగమ్మక్క కూర్చుని ఉంది.

"ఇదేంది మాస్టారూ?"

"కొత్త శిష్యురాలు. చెప్పు" అన్నారు మాస్టారు. అని, ఒక పాత రేడియో ముందేసుకుని, మాకు వీపు పెట్టి కూర్చున్నారు.

అక్క కూడా తెల్లబోయినట్టే ఉంది. "అన్న రమ్మంటే వచ్చా నాయనా. నాకేం తెలుసు ఇవన్నీ" అంది. చెయ్యి ఇంకా కొంగులోనే ఉంది.

ఏం చేస్తాను? పాత బోర్డు తీశాను. బటన్ తగిలించాను. ఎర్రంకెల డబ్బా తగిలించాను. సున్నా వెలిగింది.

"చూడక్కా, ఇది లెక్కపెట్టే డబ్బా. బటన్ ఎన్నిసార్లు నొక్కితే అంత అంకె చూపిస్తుంది. నొక్కు."

ఆమె నొక్కలేదు. కొంగు ఇంకాస్త బిగించుకుంది.

"ముందు చెప్పేవాడు నొక్కి చూపించాల" అన్నారు మాస్టారు, వెనక్కి తిరక్కుండానే.

నొక్కాను. ఒక్కసారే. డబ్బా మీద ఆరు వెలిగింది.

చెంగమ్మక్క అంకె చూసింది. నా వేలు చూసింది. మళ్లీ అంకె చూసింది.

"అయ్యో! నీ చెయ్యి కూడా వణుకుతుందా నాయనా?"

ఎగతాళి కాదు. నిజంగా బెంగపడిపోయింది. "ఇంత చిన్న వయసులో ఏంది నాయనా ఇది? డాక్టరుకి చూపించావా?"

నాకు నవ్వొచ్చింది. "నా చెయ్యి కాదక్కా. వణికేది స్విచ్చి."

"స్విచ్చి వణకడమేంది?"

"లోపల సన్నటి రేకు ఉంటుంది. మనం నొక్కగానే అది పోయి తగులుతుంది, ఎగురుతుంది, మళ్లీ తగులుతుంది. అట్టా నాలుగైదుసార్లు ఎగిరి అప్పుడు కుదురుకుంటుంది. మన కంటికి కనపడదు. ఈ బోర్డుకేమో తొందరెక్కువ. తగిలినప్పుడల్లా ఒక లెక్క వేసేస్తుంది. మనం నొక్కింది ఒక్కసారే, అది ఆరనుకుంటుంది."

"పాపం" అంది అక్క. ఆ పాపం స్విచ్చికో బోర్డుకో నాకు తెలీలేదు. "మరి ఆ స్విచ్చిని పారేసి ఇంకోటి తెస్తారా?"

"ఇంకోటి తెచ్చినా అంతేనక్కా. కొత్తదైనా, ఎంత మంచిదైనా, కాస్తో కూస్తో వణకని స్విచ్చి లేదు."

"మరెట్టా?"

"స్విచ్చినేం అనం. బోర్డుకే చెబుతాం, నా మెషిను బోర్డుకి కూడా అదే చెప్పాను. తగిలిన వెంటనే లెక్క వెయ్యొద్దు, దాని వణుకు తగ్గిందాకా కాస్త ఆగు, అది కుదురుకున్నాక..."

అక్కడ నా నోరు ఆగిపోయింది.

మాస్టారి వైపు చూశాను. ఆయన వీపు నా వైపే ఉంది. చేతిలో స్క్రూడ్రైవరు మాత్రం కదలడం లేదు.

"కుదురుకున్నాక?" అని అడిగింది చెంగమ్మక్క. పాఠం వింటున్న మనిషి గదా, మిగతాది కావాలి. వినే ధ్యాసలో ఎప్పుడు తీసిందో, చెయ్యి కొంగులోంచి తీసి బల్ల మీద పెట్టింది. అది బల్ల మీద మెల్లగా వణుకుతోంది. నలభై మూడు రోజుల్లో నేను దాన్ని సరిగ్గా చూసింది అప్పుడే. వేళ్ల చివర్లు కాఫీ రంగులో ఉన్నాయి.

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా అడిగాను.

"అక్కా, నీ చెయ్యి కుదురుకోడానికి ఎంతసేపు పడుతుంది?"

ఆమె ఆలోచించింది. చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"ఏమో నాయనా. ఇంతదాకా ఎవురూ ఆగి చూళ్లేదు."

ఆ రోజూ, మర్నాడూ నేను ఆమె బండి పక్కనే ఉన్నాను. ఆమె కాఫీ కలుపుతూ మధ్యమధ్యలో నా బటన్ నొక్కేది, బోర్డు లెక్క రాసుకునేది. పొద్దున బండి తీసేటప్పుడు ఆమె చెయ్యి ఒక్క క్షణంలో కుదురుకునేది. మధ్యాహ్నానికి ఇంకాస్త పట్టేది. ఎవరైనా తన చేతినే చూస్తున్నారని తెలిస్తే ఇంకా ఎక్కువ. అన్నిటికన్నా ఎక్కువ పట్టింది, ఉదయగిరి బస్సు గేటులోకి తిరిగినప్పుడు. తిరుపాలు దిగి మామూలుగానే కాఫీ అడిగాడు. ఆమె అతని గ్లాసు బల్ల మీదే పెట్టి, "తీసుకో నాయనా" అని దూరంగా జరిగింది.

ఎంతసేపు ఆగాలో బోర్డుకి ఒక అంకె రాసిద్దామనుకున్నాను. ఏ అంకె రాసినా ఒక పూటకి సరిపోతే ఇంకో పూటకి చాలదు. చివరికి అంకె కొట్టేశాను. ఎంతసేపైనా సరే, చెయ్యి కుదురుకునేదాకా ఆగు, కుదురుకున్నాక ఒక్కటే లెక్క వెయ్యి అని రాశాను. మొదటిసారి వేలు తగలగానే పచ్చదీపం వెలగాలని కూడా రాశాను. విన్నానక్కా, కంగారు పడొద్దు అని చెప్పడానికి.

కన్ను పీకేసి, సాసరంత పెద్ద బటన్ పెట్టాను. ఇంకొకటి మిగిలింది. దానికి మాస్టారి దగ్గరికి వెళ్లాను.

"ఎవరికి ఎంత డికాషనో నా మెషినుకి తెలీదు మాస్టారూ. అక్కకే తెలుసు. ఆ పని ఆమె చేతికే ఉండాలి. తిప్పడానికి ఏదైనా కావాలి."

మాస్టారు అడుగు సొరుగు లాగారు. అందులో పాత రేడియోల సామానుంది. వెతికి వెతికి ఒక ముదురు గోధుమ రంగు నాబ్ తీసి నా చేతిలో పెట్టారు. స్టేషన్లు మార్చేది. బరువుగా, గుప్పెటకి నిండుగా ఉంది. అంచున గాట్లు అరిగిపోయి నున్నగా ఉన్నాయి.

"ఎడమకి తిప్పితే పాలు, కుడికి తిప్పితే డికాషన్" అన్నాను.

మాస్టారు తలూపారు.

రేకు మీద దానికి చోటు వెతికితే ఎక్కడా కుదరలేదు. కుదిరిన చోటు నా పేరు మధ్యలోనే. ఒక్క క్షణం చెయ్యాడలేదు, అబద్ధం ఎందుకు. తర్వాత డ్రిల్లు పెట్టాను. నా పేరులో 'పెం' ఒక్కటే మిగిలింది. కాఫీ అనే మాట మాత్రం చెక్కు చెదరలేదు.

ఆదివారం పొద్దున బండి మీద మెషిను ఎక్కించాం. అక్క ఎప్పటిలాగే కాఫీ పొడి చేత్తో చూసి, వాసన చూసి, ఇత్తడి ఫిల్టరులో తనే వేసింది. మెషినుకి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. బొట్టు వణికి కాస్త పెద్దదైంది. నాకది బాగుందనిపించింది.

కూతురు అప్పటికే వచ్చింది, చేతిసంచితో. పేరు సువర్చల. బండి వెనక నిలబడి, "అమ్మా, ఎన్నింటికి బయల్దేరదాం?" అని రెండుసార్లు అడిగింది. అక్క గ్లాసులు తుడుస్తూనే ఉంది.

ఉదయగిరి బస్సు వచ్చింది. ప్రయాణికులు ఎక్కేశారు. తిరుపాలు గబగబా బండి దగ్గరికొచ్చాడు. మణికట్టు మీద మచ్చ తెల్లగా కనబడుతోంది.

"అక్కా, ఒక కాఫీ. టైమైపోతోంది."

చెంగమ్మక్క అతని మొహం చూసింది. నాబ్ ఎడమకి కొంచెం తిప్పింది. అది ఆమె గుప్పెట్లో ఇమిడిపోయింది. తర్వాత వేలు బటన్ మీద పెట్టింది.

పెట్టిన వేలు వణికింది. పచ్చదీపం వెలిగింది. వేలు ఇంకా వణుకుతూనే ఉంది. పంపులు కదల్లేదు. సుబ్బరాయుడు ముందుజాగ్రత్తగా ఒక అడుగు వెనక్కి జరిగాడు. బస్సు డ్రైవరు హారను మీద హారను కొడుతున్నాడు. తిరుపాలు వెనక్కి తిరగలేదు. చెయ్యి మాత్రం పైకెత్తి, "ఆగవయ్యా!" అని కేకేశాడు.

వేలు కుదురుకుంది.

డికాషన్ పడింది. పాలు పడ్డాయి. నురగ గ్లాసు అంచుకి వేలెడు కిందే ఆగింది. మెషిను ఆగింది. ఇక ఏమీ పడలేదు. ఒక్క చుక్క బయటికి రాలేదు.

తిరుపాలు తనే గ్లాసు తీసుకున్నాడు, ఆ మచ్చ ఉన్న చేత్తోనే. ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.

"అక్కా, డికాషన్ తగ్గించావు."

"నీకు బీపీ అని మీ ఆవిడ చెప్పింది. నీకింక అంతే."

"మెషిను పెట్టినా నీ పెత్తనం పోలేదు గదక్కా!"

అందరూ గొల్లున నవ్వారు. చెంగమ్మక్క కూడా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది, కుడిచేత్తో, అందరి ముందూ. అప్పటికే నెల్లూరు బస్సు దిగినవాళ్లు నలుగురు వచ్చి నిలబడ్డారు. ఆమె వాళ్ల మొహాలు చూసి నాబ్ కుడికి తిప్పింది.

పదకొండింటికి సువర్చల రెండో కాఫీ తాగి ఒంగోలు బస్సెక్కింది, ఒక్కతే. కిటికీలోంచి తల బయటపెట్టి, "మాత్రలు మర్చిపోవద్దమ్మా!" అని అరిచింది.

నేను ఒక గ్లాసు పట్టుకుని మాస్టారి కొట్టుకి పరిగెత్తాను. ఆయనకి ఎంత డికాషనో అక్కే తిప్పి ఇచ్చింది. మాస్టారు రేడియో పక్కకి జరిపి గ్లాసు అందుకున్నారు. నేను స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. జరిగిందంతా చెప్పాను. ఆయన తాగుతూ విన్నారు.

అన్నీ చెప్పాక కడుపులో ఉన్న మాట ఇక దాగలేదు.

"మాస్టారూ, ఒకటి అడుగుతాను. నేను అన్ని రోజులు తప్పు చేస్తుంటే మీరు చూస్తూనే ఉన్నారు. అక్కని నలుగురిలో అంత మాట అన్నాను. ఆ తప్పేదో ముందే ఒక్క మాట చెప్పి ఉండొచ్చు గదా?"

మాస్టారు చివరి గుక్క తాగారు. గ్లాసు బల్ల మీద పెట్టారు, ఆ పాత బోర్డు పక్కన.

"మొదటి రోజే చెప్పాను గదరా" అన్నారు.